మా సముద్రం పొయ్యిరాళ్లయిన రోజు

ఆ రోజుల్లో మా వైపు ఎవరింటికి పోయినా ముందు చెంబుతో నీళ్లిచ్చి, ఆ నీళ్లు గొంతు దిగకముందే "రాష్ట్రం వస్తదంటవా?" అని అడిగేవాళ్లు. యూనివర్సిటీలో చదివేవాడికి ఢిల్లీలో జరిగేదంతా తెలుస్తుందని వాళ్ల నమ్మకం. నాకు ఢిల్లీ సంగతి అటుంచి, మా హాస్టల్లో రేపటి కూరేమిటో కూడా తెలిసేది కాదు. అయినా "వస్తది, వస్తది" అని ధీమాగా తలాడించేవాణ్ణి. దాని వెనకే రెండో ప్రశ్న వచ్చేది: "ఇంతకు నువ్వేం చదువుతున్నవ్?" మొదటి జవాబులో ఉన్న ధీమా ఇక్కడికొచ్చేసరికి ఎగిరిపోయేది. కోట్ల ఏళ్ల కిందటి సముద్రాల నీళ్లలో ఆక్సిజన్ ఉండేదా లేదా అన్నది రాళ్లను పరీక్షించి కనుక్కుంటున్నానని చెబితే, అడిగినవాళ్లు నన్ను కాసేపు జాలిగా చూసి, మాట మార్చి, మా బాపు ఆరోగ్యం ఎట్లా ఉందని అడిగేవాళ్లు.

మాది రఘునాథపల్లి. మా బాపుకు నా చదువు మీద కోపమేమీ లేదు గానీ, అది ఎప్పటికైనా ఉద్యోగంగా మారుతుందన్న ఆశ కూడా లేదు. ఎవరైనా అడిగితే "మావోడా, రాళ్లేర్తుండు" అని చెప్పి, వాళ్లు నవ్వకముందే తనే నవ్వేసేవాడు. టీచరు పోస్టుల గురించి పేపర్లో నాలుగు ముక్కలు పడితే చాలు, జాగ్రత్తగా కత్తిరించి నేను చూడకుండా నా సంచిలో పెట్టేవాడు. (అప్పట్లో ఆ పరీక్షలు పడతాయన్న వార్తలే తప్ప పడింది తక్కువ. అదొక్కటే నన్ను కాపాడింది.)

నిజానికి నా చదువు అంత అర్థంకానిదేం కాదు. సముద్రం అడుగున బురద పేరుకుంటూ ఉంటుంది. అడుగు నీళ్లలో ఆక్సిజన్ ఉంటే ఆ బురదలోని ఇనుము తుప్పుపట్టి ఎర్రబడుతుంది. ఆక్సిజన్ లేకుంటే ఇనుము గంధకంతో జతకట్టి, బంగారంలా మెరిసే సన్నని గింజలై నల్లటి బురదలో దాక్కుంటుంది. మాలిబ్డినం అని ఇంకో లోహం ఉంది. ఆక్సిజన్ ఉన్నంతకాలం నీళ్లలో హాయిగా తిరుగుతుంది గానీ, నీళ్లలో ఆక్సిజన్ పోయి గంధకం పెరిగితే అది కూడా బురదలోకి దిగిపోతుంది. బురద గట్టిపడి రాయైనా ఈ గుర్తులు అట్లాగే ఉంటాయి. ఆ రాయిని పొడి చేసి యంత్రానికిస్తే సముద్రం జాతకం చెప్పేస్తుంది. చిక్కల్లా ఒకటే. రాయికి ఎండా వానా తగిలితే లోపలి గంధకం తుప్పుగా మారి జాతకం చెడిపోతుంది. నిప్పు తగిలితే ఇక చెప్పనక్కర్లేదు. కాబట్టి భూమి లోపలి నుంచి అప్పుడే బయటపడిన తాజా నల్లరాయి కావాలి, అదీ పెద్ద బండగా కావాలి, పై చెక్కు తీసేసి నడిమి ముద్ద వాడుకోవడానికి.

నాకు పరిశోధన నేర్పే ప్రొఫెసరుగారిని మేమంతా చాటుగా ఆక్సిజన్ సారు అనేవాళ్లం. సముద్రం ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి. మంచివాడు. కోపమొస్తే అరిచేవాడు కాదు, కళ్లజోడు తీసి తుడుచుకునేవాడు. ఆ తుడవడం ఎంత సేపుంటే కోపం అంత ఉన్నట్టు. ఉద్యమం రోజుల్లో కూడా ఆయన నన్ను "మీకు సముద్రం లేదు కదయ్యా, అందుకే నీకు దాని మీద ఇంత ప్రేమ" అని ఆటపట్టించేవాడు. నేను ఉడుక్కునేవాణ్ణి. అడవుల్లో, గుట్టల్లో మా దగ్గర కూడా సముద్రపు రాళ్లున్నాయని ఆయనే పాఠం చెప్పాడు, మళ్లీ ఆయనే ఈ మాట అనేవాడు.

మొదటిసారి నల్లరాయి కోసం నేను భూపాలపల్లి వెళ్లాను. అక్కడ మా మేనమామ బొగ్గు గనిలో పనిచేసేవాడు. నల్లరాయి అనగానే నాకు గుర్తొచ్చింది ఆయనే. బొగ్గు పొరల మధ్య వచ్చే నల్లని పలకరాయిని మామ నాలుగు చేతుల మీదుగా సంపాదించి, పెళ్లిసారెలా మూటకట్టి ఇచ్చాడు. సారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఆకు అచ్చొకటి గోటితో చూపించి, ఇది అడవుల మధ్య మడుగుల్లో పేరుకున్న మట్టి, సముద్రం దీన్ని కల్లో కూడా చూడలేదని చెప్పాడు. కళ్లజోడు తుడవడం చాలాసేపు సాగింది. ఈ సంగతి చెబితే మా మామ ఎంత నొచ్చుకున్నాడంటే, మా భూపాలపల్లి బొగ్గుతో సగం రాష్ట్రానికి దీపాలు వెలుగుతుంటే మీ సారుకు ఇంకేం కావాలని వారం రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

ఆ తర్వాత సారు నన్ను పిలిచి కూర్చోబెట్టాడు. మంచి యంత్రమున్న ఒక సంస్థ మాకు ఒకే ఒక్క సోమవారం ఇచ్చింది. ఆ రోజుకు సరైన రాయి తెస్తే సరే. తేకుంటే మళ్లీ ఏడాది దాకా వంతు రాదు, నా గడువు అంతకుముందే ముగుస్తుంది. "అప్పుడిక మీ నాన్నగారు చెప్పినట్టు వినడమే మంచిదయ్యా" అన్నాడు. మా బాపు కత్తిరించిన పేపరు ముక్కల సంగతి ఆయనకెట్లా తెలిసిందో నాకు ఇప్పటికీ అర్థంకాదు. నేను మాత్రం ఆ రాత్రి హాస్టల్ మంచం మీద పడుకుని, నల్లబల్ల ముందు నిలబడి ఎక్కాలు చెప్పిస్తున్న నన్ను ఊహించుకుని చాలా దిగులు పడ్డాను.

మహబూబాబాద్‌ను మేం మానుకోట అంటాం. మానుకోట అవతల గుట్టల దగ్గర ఒక రైతు బావి తవ్విస్తుంటే నల్లరాయి పడిందని తెలిసి, ఆ సోమవారానికి ముందు శుక్రవారం అక్కడికి చేరాను. బావిలోకి తొంగి చూశాను. అడుగున నల్లగా, నిగనిగలాడుతూ, సన్నని మెరుపులతో నేను పుస్తకాల్లో చూసిన రాయి. నాకు నవ్వాగలేదు. గట్టు మీద రైతు తలపట్టుకుని కూర్చుని ఉన్నాడు, ఎందుకంటే నల్లరాయి తగిలిందంటే ఆయనకు నీళ్లు పడనట్టు. నేను ఆయన చెయ్యి పట్టుకుని ఊపుతూ చాలా మంచి రాయి పడిందని అభినందించాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "నా బావి ఎండిపాయెనని నేనేడుస్తుంటె, గీ పిలగాడు పండుగ జేసుకుంటుండేంది" అని పక్కనున్న కూలీలతో అన్నాడు. అయినా పాపం, క్రేనుతో నాలుగు పెద్ద బండలు పైకి తీయించి ఇచ్చాడు. బావి పనికిరాదని తేలింది కాబట్టి మర్నాడే పూడ్చేస్తామని చెప్పాడు. అంటే భూమ్మీద నాకు దొరికే సముద్రం ఆ నాలుగు బండలే. వాటికి గాలి తగలకుండా ప్లాస్టిక్ కవర్లు చుట్టి, పైన గోనె సంచులు కట్టి, పసిపిల్లల్లా సాకుతూ మానుకోట తెచ్చుకున్నాను.

అక్కడ చూస్తే రైళ్లు లేవు, పట్టాల మీద జనం ఉన్నారు. బస్సులు లేవు, డిపోకు తాళం ఉంది. చౌరస్తాలో బండల మీద కూర్చుని ఏడుపు మొహంతో ఎదురుచూస్తుంటే ఒక ట్రాలీ ఆటో ఆగింది. నడిపేది గడ్డానికి గోరింటాకు పెట్టుకున్న ఒక చాచా. జనగామలో టెంట్‌హౌస్ ఆయనది. పెళ్లిళ్లకు గంజులు (పెద్ద వంటగిన్నెలు), గరిటెలు అద్దెకివ్వడమే కాదు, బగారా అన్నం వండటంలో కూడా ఆయనకు పెద్ద పేరు. మర్నాడు జనగామ రోడ్డు మీద వంటావార్పు ఉంది. (తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. వంటావార్పు అంటే ఉద్యమంలో మావాళ్లు కనిపెట్టిన రాస్తారోకో. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే బంతులు కూర్చుని తింటారు. అన్నం తినేవాళ్లను లేపడానికి పోలీసులకైనా చేతులు రావు.) జనగామలోని గంజులన్నీ వేరే ఊళ్ల వంటావార్పులకు పోవడంతో, మానుకోటలో తన బామ్మర్ది దగ్గర పెద్ద గంజులు ఎక్కించుకుని వాపసు పోతున్నాడు.

"ఎక్కు బేటా, గంజుల నడుమ కూసో" అన్నాడు. బండలు ఎక్కించడానికి తానే ఒక చెయ్యి వేసి, బరువుకు ఆశ్చర్యపోయి, "ఇస్మే క్యా హై?" అని అడిగాడు. రాళ్లు అన్నాను. "అచ్ఛా, రాళ్లా" అని తృప్తిగా తలూపి మరేమీ అడగలేదు. నేను ఎవరికి రాళ్లని చెప్పినా ఎందుకు, ఏమిటని పది ప్రశ్నలు వేసేవాళ్లు. ఈయనొక్కడే ఏమీ అడగలేదని, ఇంత సంస్కారం ఉన్న మనిషిని నేను చూడలేదని దారి పొడవునా మురిసిపోయాను. గంజులు తీసుకుపోయేవాడికి రాళ్లంటే ఏ రాళ్లు గుర్తొస్తాయో ఆ వేళ నా బుర్రకు తట్టలేదు. ఆ రాత్రి దారిలో చాచా చుట్టాలింట్లో పడుకుని, తెల్లారి జనగామ చేరుకున్నాం.

జనగామలో అప్పుడొక విచిత్రం జరిగింది. మా జనగామలో దేనికైనా కరువు రావచ్చు గానీ రాళ్లకు కరువు రాదు. ఏ దిక్కు చూసినా బండలే. అయితే రాళ్లు రువ్వుతారేమోనన్న భయంతో పోలీసులు ముందురోజే ట్రాక్టర్లు పెట్టించి, ఆ రోడ్డు పక్కన గులకరాయి కూడా మిగల్చకుండా ఎత్తించి స్టేషన్ వెనక పోయించారు. పొయ్యిలు పెట్టడానికి వచ్చినవాళ్లు రాయి కోసం అటూ ఇటూ తిరుగుతున్నారు. సరిగ్గా ఆ సమయానికి మా ట్రాలీ అక్కడ ఆగింది.

నన్ను ముందు చూసింది మా బావ. మా అక్కను జనగామలోనే ఇచ్చారు. బావ బడిలో లెక్కల సారు, ఆ రోజు వంటావార్పుకు పెద్దమనిషి కూడా ఆయనే. మెడలో గులాబీ కండువా, చేతిలో మైకు. నన్ను చూడగానే ఆయన మొహం వెలిగిపోయింది. యూనివర్సిటీ పిల్లలంటే ఆ రోజుల్లో జనానికి గొప్ప గురి. గొంతెత్తి నలుగురు వినేలా మాట్లాడటం నాకు చచ్చినా రాదని ఆయనకు తెలియదు. బండలు దించుకోవాలి బావా అంటున్నా వినకుండా, సామాన్లు మనోళ్లు చూసుకుంటారని చెప్పి, చేతిలో జెండా పెట్టి, నేరుగా పోలీసుల ఎదుట మొదటి వరసలో నిలబెట్టాడు. వెనక్కి తిరిగి చూశాను. చాచా గంజులు దించుతున్నాడు. ఆయన భద్రమైన మనిషి కదా అని ధైర్యం తెచ్చుకుని నినాదాలు మొదలుపెట్టాను. నా గొంతు సన్నం. నేను "జై" అన్నప్పుడల్లా ఎదురుగా ఉన్న లావుపాటి కానిస్టేబుల్ ఒకాయన, నేనెవర్నో పిలుస్తున్నాననుకుని వెనక్కి తిరిగి చూసేవాడు.

అన్నం ఉడుకు పట్టేంత సేపు గడిచింది. అప్పుడు వెనక నుంచి ఠప్పుమని ఒక చప్పుడు వచ్చింది. తర్వాత ఇంకోటి. ఆ వెంటనే గాలిలో ఒక ఘాటు. అగ్గిపుల్ల గీసి ముక్కు కింద పెట్టుకున్నట్టు, కళ్లు మండించే, గొంతు గీరే ఘాటు. గ్యాస్ ఇడిసిండ్రని మావాళ్లు కండువాలు తడిపి మొహాలకు చుట్టుకున్నారు. మావాళ్లే ఏదో వదిలారని పోలీసులు రుమాళ్లు కట్టుకున్నారు. మీరంటే మీరని రెండు వైపులా కళ్లనీళ్లతో ఒకరినొకరు నిందించుకున్నారు. అంతమందిలో ఆనందంగా ఉన్నది నేనొక్కణ్ణే. ఆ వాసన నాకు తెలుసు. అది గంధకం. ఏ రాయిలో గంధకం ఇట్లా దండిగా ఉంటుందో ఆ రాయి పుట్టిన సముద్రం అడుగున ఆక్సిజన్ లేనట్టే. ఏళ్ల తరబడి చదివింది ముక్కుకు తగిలితే ఎట్లా ఉంటుందో ఏం చెప్పను. ఒళ్లు తెలియని సంతోషంతో ఎదురుగా ఉన్న ఆ లావుపాటి కానిస్టేబుల్‌ను గట్టిగా కౌగిలించుకుని, "గంధకం సార్, గంధకం. ఆక్సిజన్ లేదు సార్" అన్నాను. ఆయన కళ్లు తుడుచుకుంటూ, "నిజమే తమ్మీ, నాకూ ఆడ్తలేదు" అని నా వీపు నిమిరాడు.

ఆ సంతోషం ఎంతసేపు ఉందంటే, ఈ గంధకం ఎక్కడి నుంచి వస్తోందన్న ప్రశ్న తట్టేదాకా.

జెండా ఆయన చేతిలోనే పెట్టి వెనక్కి పరుగెత్తాను. (ఆయన పాపం చాలాసేపు అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు.) రోడ్డు నడిమధ్య అన్నిటికన్నా పెద్ద గంజు కింద, చక్కగా గోనెలు విప్పి, ప్లాస్టిక్ కవర్లు ఒలిచి, కడిగి పెట్టిన మూడు నల్లబండలు. వాటి మధ్య కట్టెలు భగభగ మండుతున్నాయి. పైన బగారా అన్నం. చాచా ఒక చేత్తో కళ్లు తుడుచుకుంటూ ఇంకో చేత్తో గరిటె తిప్పుతున్నాడు. నన్ను చూసి, "రాళ్లు మంచియే తెచ్చినవ్ బేటా, గంజు ఇసుమంత కదుల్తలేదు. గానీ వాసనొస్తున్నయ్" అని ఫిర్యాదు చేశాడు.

సోమవారం, యంత్రం, సారు కళ్లజోడు, పూడిపోయిన బావి, పేపరు ముక్కలు అన్నీ ఒక్కసారే కళ్లముందు తిరిగాయి. గంజు దించమని బతిమాలాను. ఉడుకుతున్న అన్నాన్ని పొయ్యి మీది నుంచి నడిమిట్ల దించేది లేదని చాచా కుండబద్దలు కొట్టినట్టు చెప్పాడు. నిజంగానే ఏడుపు వచ్చింది, గంధకం కళ్లలో పడిందని అందరూ అనుకున్నారు. ఈలోపు బావ మైకుతో సహా వచ్చాడు.

"రాళ్ల కోసం ఏడుస్తవేందిర? జనం జూస్తుండ్రు" అన్నాడు పళ్ల సందు నుంచి.

"అవి రాళ్లు గావు బావా, సముద్రం" అన్నాను.

ఆ మాట మైకులో పడింది. రోడ్డంతా వినబడింది. ఏ సముద్రం అని ఎవరో అడిగారు. ఇక చెప్పక తప్పలేదు. మానుకోట గుట్టలున్న చోట కోట్ల ఏళ్ల కింద సముద్రం ఉండేదని, ఆ సముద్రం అడుగు బురదే ఈ రాళ్లని, దాని అడుగున ఆక్సిజన్ లేనందుకే ఇప్పుడు మనకు కళ్లు మండుతున్నాయని చెప్పాను. నా జీవితంలో మొదటి ఉపన్యాసం అది. ముందు వరసలో విస్తరాకులు తుడుస్తున్న ఒక అవ్వ చెయ్యి ఆపి నావైపు చూసింది. కరువుకు పేరుపడ్డ బచ్చన్నపేట అవ్వ. చెరువు నిండిన ఏడాది ఆమె బతుకులో ఎన్నిసార్లు వచ్చిందో గానీ, నీళ్లన్న మాట వినగానే ఆమె కళ్లు మారిపోయాయి.

"మరి గా నీళ్లన్ని ఏడబోయినయ్ బిడ్డా? ఎవలు మలుపుకున్నరు?" అని అడిగింది.

ఎవరూ మలుపుకోలేదవ్వా, నేలే పైకి లేచిందని చెప్పబోయాను. ఆ జవాబు మా బావకు నచ్చలేదు. మైకు లాక్కుని, మనకు సముద్రం కూడా ఉండేదట, ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు చూశారా అన్నాడు. ఇంకేముంది. నీళ్ల కోసం, కొలువుల కోసం అరిచిన గొంతులన్నీ కలిసి "మా సముద్రం మాగ్గావాలె" అని ఎత్తుకున్నాయి. నేను రెండు చేతులూ ఊపుతూ, ఆ సముద్రం పోయి చాలా కాలమైంది, ఇందులో ఎవరి తప్పూ లేదని అరిచాను. నేను కూడా నినాదమే ఇస్తున్నాననుకుని అందరూ ఇంకా గట్టిగా అందుకున్నారు. పోలీసుల వైపు చూస్తే ఆ లావుపాటి కానిస్టేబుల్ పెదవులు కూడా కదులుతున్నట్టనిపించింది. చేతిలో జెండా ఎట్లాగూ ఉంది.

గొడవ ఎటు పోతుందో అనుకుంటుండగా, రుమాలుతో ముక్కు మూసుకుని ఎస్సైగారు వచ్చారు. ఈ ఘాటు ఎక్కడిదో ముందు చెప్పమన్నారు. అందరి చేతులూ పొయ్యి వైపు చూపించాయి. వెంటనే ఆర్పేయమన్నారు. అన్నం సంగతేమిటని చాచా అడిగాడు. వేరే రాళ్ల మీద పెట్టుకోమన్నారు ఎస్సైగారు. రాళ్లన్నీ తమరే తీసుకుపోయారు కదా అని బావ చాలా మర్యాదగా గుర్తుచేశాడు. ఎస్సైగారు కాసేపు దగ్గారు. పైనుంచి ఆయనకున్న ఆజ్ఞ రోడ్డు మీద ఒక్క రాయి కూడా ఉండకూడదని. ఇటు చూస్తే ఇంకాసేపు ఈ పొగ పీలిస్తే ఆయన సిబ్బందే నిలబడేటట్టు లేరు.

"మీ రాళ్లు తీసి అవతల పెట్టుండ్రి. మా రాళ్లు తెప్పిస్త" అన్నారు చివరికి. "గానీ లెక్కబెట్టి ఇస్త, లెక్కబెట్టి వాపస్ దీస్కుంట."

అట్లా పోలీసు ట్రాక్టరు సైరను లేకుండా వచ్చి, రువ్వకుండా దాచిన రాళ్లను మా పొయ్యిలకు పోసిపోయింది. కానిస్టేబుళ్లే కట్టెలు అటూ ఇటూ జరిపి గంజు పట్టి దించారు. నా మూడు బండలు బయటికి వచ్చాయి. ఒకటి రెండుగా చీలింది, ఒకటి పొరలు పొరలుగా విచ్చుకుంది, మూడోది ఎర్రబారి ఇటుకలా తయారైంది. వాటి పక్కన కూలబడి చేతులు కాల్చుకుంటూ తడిమి చూశాను. ఏ ఒక్కటీ యంత్రానికి పనికిరాదు. ఇక టీచరు పరీక్షకు చదువుకోవడమే నయమని నాకు అక్కడే, ఆ తారు రోడ్డు మీదే స్పష్టంగా తెలిసిపోయింది. నాలుగోది ఉండాలి కదా అన్నది చాలాసేపటికి గుర్తొచ్చింది. చాచాను అడిగాను. ఆయన తేలిగ్గా, "అగో, గాడున్నది. మా బండికి బిరికి లేదు గద" అన్నాడు.

నాలుగో బండ ట్రాలీ వెనక చక్రం కింద ఉంది. గోనె కూడా విప్పలేదు. వాలులో బండి జారకుండా చక్రానికి అడ్డం పెట్టాడు. ప్రపంచంలో ఎన్నో చోట్ల ఎందరో ఆక్సిజన్ కోసం రాళ్లు పోగుచేశారు గానీ, హ్యాండ్‌బ్రేకుగా పనిచేసిన రాయి నాదొక్కటే అయి ఉంటుంది. దాన్ని చూసి మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులా లాగేశాను. ట్రాలీ మెల్లగా కదిలి, నేరుగా పోలీసు జీపు మీదికి బయలుదేరింది. నలుగురు కండువాలవాళ్లు, నలుగురు టోపీలవాళ్లు పరుగెత్తి పోయి భుజాలానించి ఆపారు. పొద్దుటి నుంచి ఎదురెదురుగా తోసుకుంటున్నవాళ్లు ఒకే వైపు తోయడం ఆ రోజు అదే మొదటిసారి. తర్వాత అన్నం ఉడికింది. అందరం రోడ్డు మీద బంతి కూర్చుని తిన్నాం, ఎస్సైగారు జీపులోనే తిన్నారు. అన్నానికి పొగవాసన ఉన్న మాట నిజమే. మా సముద్రం రుచి అని మా బావ అందరికీ చెప్పుకుంటూ వడ్డించాడు.

ఆదివారం చాచా బామ్మర్ది కొడుకుల పాలలారీ పట్టుకుని, బండను ఒళ్లో పెట్టుకుని హైదరాబాద్ చేరాను. ఆక్సిజన్ సారు గోనె విప్పి, ప్లాస్టిక్ విప్పి, మెరుపులు చూసి, గోనె మీది టైరు గుర్తు చూసి, ఇదేమిటన్నాడు. అంతా చెప్పాను. మధ్యలో కళ్లజోడు తీశాడు. కోపమే అనుకున్నాను. ఆయన నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంటున్నాడని తర్వాత అర్థమైంది. "అయితే ఏవయ్యా, మా ఊరి దగ్గరున్న సముద్రం కూడా మీదేనంటావా? తిరిగి ఇచ్చేయమంటే మేం ఎక్కడ స్నానం చేయాలి?" అన్నాడు. నేను కూడా నవ్వాను. ఆ నవ్వులో మా ఇద్దరి ఊళ్ల మధ్య ఉన్న కోపాలు ఒక గంటసేపు ఎటో పోయాయి.

సోమవారం రాయి పైచెక్కు తీసి, నడిమి ముద్ద నూరి, యంత్రానికిచ్చాం. అది ఒక చల్లటి గది. గోడలు తెల్లగా, చప్పుడు లేకుండా, దుమ్ము లేకుండా ఉంది. సాయంత్రానికి తెర మీద అంకెలు వచ్చాయి. మాలిబ్డినం దండిగా ఉంది. ఇనుములో చాలా భాగం గంధకంతోనే ఉంది. సారు మెల్లగా తలాడించి, ఉంటావయ్యా నువ్వు ఇక్కడే అన్నాడు. అంటే నా చదువు నిలిచింది, నా బతుకు అక్కడి నుంచి ఇటు తిరిగింది. అంతకన్నా పెద్ద మాట నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. నేను సంతోషంతో ఎవరినైనా కౌగిలించుకుందామని అటూ ఇటూ చూశాను. సారును వాటేసుకునే ధైర్యం లేదు, ఇక మిగిలింది యంత్రం నడిపే అతనొక్కడే. అతను నా కాళ్ల వైపు చూసి, చెప్పులు బయట విప్పి రావాలని బోర్డు పెట్టాం కదండీ అన్నాడు. విప్పడానికి వెళ్తుంటే అర్థమైంది, ఈ అంకెలు చెప్పిన మాట జనగామ రోడ్డు మీద నా ముక్కు మొన్ననే చెప్పింది, ఎగరాల్సినదంతా నేను అక్కడే ఎగిరేశాను.

ఇప్పుడు నా దగ్గరికే పిల్లలు రాళ్లు పట్టుకుని వస్తున్నారు. పెట్టెల్లో, శుభ్రంగా, రసీదులతో సహా వస్తాయి ఆ రాళ్లు. ఫలితం వస్తే ఫోనులో సందేశం పెడతారు, నేను బొటనవేలు బొమ్మ ఒకటి పంపిస్తాను. అంతకన్నా ఎక్కువ చేస్తే బాగుండదు, వయసొచ్చింది, పైగా ఎదురుగా కానిస్టేబుళ్లు కూడా ఉండరు. కానీ ఒక్కోసారి ఆ బొమ్మ పంపించాక కాసేపు ఊరికే కూర్చుంటాను. చేతిలో ఉన్న బతుకంతా వెనక పొయ్యిలో కాలిపోతుంటే ఆ సంగతి ఇంకా తెలియక, కళ్లూ ముక్కూ కారుతూ, ఎప్పుడో పోయిన సముద్రంలో ఆక్సిజన్ లేదని తెలిసినందుకు ఎదుటి మనిషిని వాటేసుకున్న ఆ సన్నగొంతు పిల్లవాడు గుర్తొస్తాడు. వాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. నిజం చెప్పాలంటే, వాడంటే నాకు కొంచెం అసూయ కూడా.